పాద్రే ముహిందీ: టాంజానియా పల్లెల్లో నా ఆరేళ్లు

మా గురువుల సభకి పెద్ద, ప్రొవిన్షియల్ ఫాదర్ గారి ఫోన్ వచ్చినప్పుడు నేను నిచ్చెన మీద ఉన్నా. డిసెంబర్ నెల, గుంటూరు జిల్లాలో ఒక విచారణలో, అంటే క్యాథలిక్ పారిష్‌లో, సహాయ గురువుగా చేస్తున్నా అప్పుడు, గుడి ముందు క్రిస్మస్ పాకకి సీరియల్ సెట్లు కడుతున్నాం. "టాంజానియా వెళ్తావా?" అన్నారు. "సరే ఫాదర్" అన్నా. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది. కిందికి దిగాక ఫోన్లో మ్యాప్ తీసి టాంజానియా ఎక్కడుందో వెతుక్కున్నా, దాచడం ఎందుకు.

ఇంటికెళ్లి చెప్తే అమ్మ అడిగిన మొదటి మాట "అక్కడ అన్నం దొరుకుద్దా?" అని. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఏం పండిస్తారంట అక్కడ?" అన్నాడు. నాకేం తెలుసు. రెండెకరాల సొంతం, మూడెకరాల కౌలు, పత్తీ మిర్చీ తప్ప ఇంకోటి ఎరగని మనిషి, ఒక దేశం గురించి ఆయనకి తెలియాల్సింది అదే మరి. మా నాయనమ్మది మాత్రం ఇంకో లెక్క. ఆవిడ చిన్నప్పుడు మిల్‌హిల్ అనే మిషనరీ సంఘం ఫాదర్లు, తెల్లోళ్లు, మా ఊరికి గుర్రం మీదా సైకిల్ మీదా వచ్చేవాళ్లంట, తెలుగు వచ్చీరానట్టు మాట్లాడేవాళ్లంట, ఒకాయన ప్రసంగంలో "మంచి కాపరి" అనబోయి "మంచి కాపురం" అన్నాడని ఊరంతా ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వుకున్నారంట. "ఇప్పుడు నువ్వు పోయి వాళ్లని నవ్విస్తావన్నమాట" అంది. ఆవిడ నోట్లో ఏముందో గానీ అదే జరిగింది, చెప్తా.

పేపర్ల గొడవ త్వరగా చెప్పేస్తా, గుర్తుచేసుకోవాలంటేనే నీరసం. అక్కడి బిషప్ గారి ఆహ్వాన లేఖ, పోలీస్ క్లియరెన్స్, చదువు సర్టిఫికెట్లు, ఎల్లో ఫీవర్ టీకా, ఆ పసుపు కార్డు పాస్‌పోర్ట్ అంత జాగ్రత్తగా పెట్టుకోవాలి. అక్కడ ఉండాలంటే రెసిడెన్స్ పర్మిట్ కావాలి, మిషనరీలకి క్లాస్ సి అని వేరే రకం. మధ్యలో ఒక ఆఫీసులో నా ఫైలు మాయమైంది, ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పలేదు, మళ్లీ మొదట్నుంచి ఇచ్చా, మొత్తం ఐదు నెలలు. లగేజీలో పూజ వస్త్రాల కన్నా కారం డబ్బాలూ గోంగూర సీసాలూ ఎక్కువ ఉన్నాయి, అది అమ్మ పని.

ముంబై నుంచి ఆడిస్ అబాబా, అక్కడి నుంచి దార్ ఎస్ సలామ్. అక్కడి నుంచి విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న మ్వాంజాకి బస్సు, 1100 కిలోమీటర్ల పైనే, ఒక పగలూ సగం రాత్రీ. నడుం విరిగి మూలుగుతుంటే పక్కన కూర్చున్న టాంజానియా ఫాదర్ ఒకాయన అన్నారు, వైట్ ఫాదర్లు అనే మిషనరీ సంఘంలో మొదటివాళ్లు 1878లో సముద్రం ఒడ్డున బగమొయోలో బయల్దేరి విక్టోరియా సరస్సు దాకా నడిచే వచ్చారు, నెలలు పట్టింది, దారిలో కొంతమంది పోయారు కూడా అని. ఇంక నేను మూలగలేదు.

మొదటి నాలుగు నెలలు భాషకే. ముసోమా దగ్గర మకోకోలో సరస్సు ఒడ్డున మేరీనోల్ అనే అమెరికా మిషనరీ సంఘం ఫాదర్లు మొదలుపెట్టిన స్వాహిలి స్కూల్ ఉంది, తూర్పు ఆఫ్రికాకి వచ్చే మిషనరీలు చాలామంది అక్కడే అక్షరాలు దిద్దుతారు. మా బ్యాచ్‌లో పోలండ్ సిస్టర్లు ఇద్దరు, ఒక కొరియా ఫాదర్, ఒక మెక్సికో బ్రదర్, నేను. మొదటి వారం నాకు గర్వం తలకెక్కింది, ఎందుకంటే స్వాహిలి మాటలన్నీ మన తెలుగులాగే అచ్చుతోనే ఆగుతాయి, మనం బస్సు బ్యాంకు అన్నట్టే వాళ్లు బాసి, బెంకి అంటారు, పైగా దుకా అంటే దుకాణం, గారి అంటే బండి, దావా అంటే మందు, కలము అంటే కలం, బీమా అంటే బీమానే, వకీలి అంటే వకీలు, సబుని అంటే సబ్బు. పోలండ్ సిస్టర్లు ఒక్కో మాటకీ తంటాలు పడుతుంటే నేను వెనక బెంచీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నా.

రెండో వారం వ్యాకరణం మొదలైంది, కాలు దిగింది. స్వాహిలిలో మాటలన్నీ గుంపులు గుంపులు, ఏ గుంపు మాటకి ముందు ఏ అక్షరం ఉంటే అది వాక్యం మొత్తానికీ అంటుకోవాలి, పసుపు చేత్తో ఏది ముట్టుకుంటే అది పసుపైనట్టు. ఒక మంచి పుస్తకం అంటే కితాబు కిమోజా కిజురి, రెండు మంచి పుస్తకాలంటే వితాబు వివిలి విజురి. చదువుతుంటే ముచ్చటగా ఉంటుంది, నోటితో చెప్పాలంటే మాత్రం వాక్యం సగానికి వచ్చేసరికి మొదట ఏ గుంపుతో మొదలుపెట్టానో మర్చిపోయేవాడిని. టైమ్ లెక్క ఇంకోటి, వాళ్లు గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు, సా తాతు అంటే మూడు గంటలు, అంటే మన తొమ్మిది. మన పాతకాలం ఘడియల లెక్క కూడా పొద్దు పొడుపు నుంచే కదా, నాయనమ్మ అయితే వెంటనే పట్టేసేది.

మా టీచరమ్మ పెద్దావిడ, ఫాదర్లని ముఖ్యంగా ఒక్క మాట దగ్గర నిలబెట్టి సాన పట్టేది. తాగడం అంటే కున్య్వా. అందులో చివరి "వ" మింగేసి కున్యా అన్నామా, దొడ్డికి వెళ్లడం అయిపోతుంది. ఇంట్లో మంచినీళ్ల దగ్గర అయితే నవ్వి ఊరుకుంటారు, కానీ పూజలో పాత్ర పైకెత్తి "మీరందరూ పానము చేయుడు" అనే చోట కూడా ఇదే మాట వస్తుంది. "అక్కడ జారితే నేను చచ్చిపోతాను పాద్రే, నా స్టూడెంట్ అని చెప్పొద్దు" అనేది. స్నానాల గదిలో కూడా వ, వ అనుకుంటూ తిరిగా. అక్కడ జారలేదు, దేవుడి దయ. జారింది వేరే చోట.

అక్కడ నాకు మనింటి వాసన కొట్టిన మొదటి మాట షికమో. పెద్దవాళ్లు ఎదురైతే చిన్నవాళ్లు చెప్పాల్సిన దండం, దాని అసలు అర్థం మీ కాళ్లు పట్టుకుంటున్నా అని. పెద్దవాళ్లు "మరహబా" అంటారు. నేను ఫాదర్‌ని కాబట్టి ముసలివాళ్లు కూడా నాకు ముందే "తుంసిఫు యేసు క్రిస్తో" అని స్తుతి చెప్పేవాళ్లు, నేను "మిలేలే నా మిలేలే, ఆమినా" అని ఆగకుండా వెంటనే షికమో కలిపేవాడిని. డెబ్భై ఏళ్ల మనిషికి ముప్పై రెండేళ్లవాడు దండం పెట్టకపోతే మా ఇంట్లో వీపు పగిలేది.

నాకిచ్చిన విచారణ షిన్యాంగ వైపు, సుకుమా అనే తెగ వాళ్ల ప్రాంతం. బస్సు దిగి చూస్తే ఒక దాని మీద ఒకటి పేర్చినట్టు పెద్ద పెద్ద బండరాళ్లు, అచ్చం హైదరాబాద్ శివార్లలాగా, మధ్యలో బావోబాబ్ చెట్లు, అవి లేకపోతే తెలంగాణ అనుకునేవాడినే. విచారణ గురువుని బాబా పరోకో అంటారు, మా బాబా పరోకో అక్కడి సుకుమా ఆయనే, నేను ఆయన సహాయకుడిని. మా ఇద్దరికీ కలిపి 24 విగాంగో, ఒక్కటైతే కిగాంగో, అంటే విచారణ కింద ఉండే మన సబ్‌స్టేషన్ ఊళ్ల గుళ్లలాంటివి, దూరంగా ఉన్నది 55 కిలోమీటర్లు. ఒక పాత పికప్, ఒక మోటర్ సైకిల్, సోలార్ కరెంటు. వెళ్లిన రోజు రాత్రి నేను రాసుకొచ్చిన ప్లాన్లన్నీ చూపించా, యూత్ గ్రూపు, ట్యూషన్లు, కుట్టు మిషన్లు, ఒక నోట్‌బుక్ నిండా. ఆయన ఓపిగ్గా అన్నీ విని, "మొదటి ఏడాది ఏమీ మొదలుపెట్టకు, పలకరించడం నేర్చుకో" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆ నోట్‌బుక్‌లో మిగిలిన పేజీల్లో తర్వాత పెట్రోల్ లెక్కలు రాసుకున్నా.

పలకరింపు అంటే మాటలు కాదు, అదొక పెద్ద పని. సుకుమా భాషలో పొద్దున "మ్వంగలుకా" అని మొదలుపెడితే ఇల్లెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, ఆవులెలా ఉన్నాయి, వాన పడిందా, నిద్ర పట్టిందా, అన్నీ అడగాలి, అన్నీ చెప్పించుకోవాలి. ఎదురుగా ఇంటికి నిప్పంటుకున్నా ముందు పలకరింపే అని మా కటెకిస్టా జోక్ చేసేవాడు. కటెకిస్టా అంటే మన ఉపదేశి. మన పల్లెల్లో ఉపదేశి గారికి ఉన్న స్థానం ఇప్పుడు తగ్గింది గానీ అక్కడ కిగాంగోని నడిపేది ఆయనే. మేము ఒక్కో ఊరికి నెలకో నెలన్నరకో ఒకసారి వెళ్తాం, మిగతా ఆదివారాలన్నీ ప్రార్థన నడిపేది, జ్ఞానస్నానానికి తయారు చేసేది, చావుకి ముందు పరిగెత్తేది, తగువు తీర్చేది అంతా ఆయనే, పగలంతా పొలం పని చేసుకుంటూ. నేను ఎక్కువ తిరిగిన ఊరి కటెకిస్టా అరవై దాటిన మనిషి, నేను ఆయన్ని మ్జే అని పిలిచేవాడిని, అంటే పెద్దాయన. గుడి ముందు వేప చెట్టుకి లారీ చక్రం రిమ్ము వేలాడదీసి ఉండేది, దాన్ని ఇనప ముక్కతో కొడితే అదే గంట. మా ఊరి స్కూల్లో రైలు పట్టా ముక్క గుర్తొచ్చేది.

పిల్లలకి మొదట్లో నేనంటే వింత. తెల్లగా లేను, నల్లగా లేను. వాళ్లకి తెలిసిన ఇండియా వాళ్లంటే టౌన్లో షాపులున్న గుజరాతీలు, అందుకని "పాద్రే, మీ దుకా ఎక్కడ?" అని అడిగేవాళ్లు. ముహిందీ అంటే ఇండియా మనిషి, మహిందీ అంటే మొక్కజొన్న, ఇంకేముంది, నేను వెళ్తుంటే వెనకాల "పాద్రే మహిందీ" అని పాటే కట్టారు. ఆటోని అక్కడ బజాజీ అంటారు, అది మా దేశం కంపెనీ పేరురా అని చెప్తే ఒక్కడు నమ్మలేదు.

ఆదివారం పూజ రెండున్నర గంటలు. డప్పులు, కోరస్, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ వేసే కేక ఒకటి ఉంటుంది, విగెలెగెలె అంటారు, మొదటిసారి పూజ మధ్యలో విని పాత్ర వదిలేయబోయా. కానుకల దగ్గర డబ్బు తక్కువ, మొక్కజొన్న, చిక్కుళ్లు, కోళ్లు, గుడ్లు ఎక్కువ. పూజయ్యాక అవన్నీ చెట్టు కింద వేలం. ఒక గుడ్డు పాడతారు, కొన్నవాడు దాన్ని మళ్లీ గుడికే ఇచ్చేస్తాడు, మళ్లీ పాడతారు, అలా ఒకే గుడ్డుని నాలుగుసార్లు అమ్మిన రోజు ఉంది. మన దగ్గర లడ్డూ వేలం కూడా దీని ముందు దిగదుడుపే అనిపించింది.

పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఫాదర్‌కి చెప్పుకోవడం, దాని దగ్గర మాత్రం ఇబ్బంది. ముసలమ్మలకి స్వాహిలి రాదు, సుకుమాలోనే చెప్పుకుంటారు, నాకు వచ్చిన సుకుమా ఆవులూ వానల దాకానే. తల వంచుకుని వినేవాడిని, మధ్యలో ఎప్పుడైనా ఆవు అన్న మాట తగిలితే ఆవిడ పాపంలో ఆవుకేం పని అని బుర్ర బద్దలుకొట్టుకునేవాడిని. దేవుడికి అర్థమైతే చాల్లే అనుకుని పాపవిమోచనం ఇచ్చేసేవాడిని.

నాన్న అడిగిన దానికి జవాబు వెళ్లిన మొదటి వానాకాలంలోనే దొరికింది. నవంబర్లో వానలు మొదలయ్యాయి, ఒక ఊరికి పూజకని ఒక్కడినే మోటర్ సైకిల్ మీద బయల్దేరా. మెట్ట దారి అయిపోయి పల్లంలోకి దిగగానే బండి ఆగిపోయింది. చూస్తే నల్లరేగడి! మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య మట్టి ఇటుకలా కూరుకుపోయింది, చెప్పులు ఒక్కోటి రెండు కిలోలు అయ్యాయి. ఆ మట్టిని అక్కడ చూడటం నాకు చుట్టం ఎదురైనట్టు అనిపించింది, నిజంగా. పొడి పుల్ల తీసుకుని మా నాన్న నాగలి గీరినట్టు గీరుతూ కూర్చున్నా, పది అడుగులు తోయడం మళ్లీ గీరడం. ఇద్దరు కుర్రాళ్లు ఎడ్ల నాగలితో పోతూ చూసి ఆగారు, "పోలే పాద్రే, పోలే" అంటూ వచ్చి బండి మోసుకెళ్లి గట్టు మీద పెట్టారు. పోలే అంటే మీ కష్టానికి నాకూ బాధగా ఉంది అని, పని చేస్తున్నా పోలే, ప్రయాణం చేసొచ్చినా పోలే, కాలికి రాయి తగిలినా పోలే, దానికి తెలుగులో ఒక్క మాట లేదు, ఉంటే బాగుండేది. వాళ్ల నాగలి ఏం వేయడానికిరా అంటే పాంబా అన్నారు. పాంబా అంటే పత్తి.

ఆ రాత్రి సిగ్నల్ దొరికే బండరాయి ఎక్కి నాన్నకి ఫోన్ చేశా. "పత్తే నాన్నా, నల్లరేగట్లోనే" అన్నా. ఆయన గొంతు మారిపోయింది, అరగంట ప్రశ్నలు. ఏ విత్తనం, ఎన్ని సార్లు మందు కొడతారు, ఎకరానికి ఎంత. బీటీ లేదు, వర్షాధారమే, మనకి వచ్చే దాంట్లో సగం కూడా రాదు, ఎరువులు పెద్దగా వెయ్యరు అంటే "అప్పు ఎంతుంటుందిరా వాళ్లకి?" అన్నాడు. మన వైపు ఉన్నంత ఉండదు నాన్నా అన్నా. "అయితే బానే పండిస్తున్నారు" అన్నాడు.

తిండికి నేను కష్టపడలేదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండి సంగటి, రాగి సంగటి తిన్నవాడికి అదేం కొత్త కాదు. భోజనానికి ముందు ఇంటివాళ్లే చెంబుతో చేతుల మీద నీళ్లు పోస్తారు, అందరూ ఒకే పళ్లెంలోంచి కుడిచేత్తో తింటారు. మ్చిచా అంటే మన తోటకూర. దగా అంటే మోసం కాదు, సరస్సులో దొరికే బుల్లి చేపలు, ఎండబెట్టి వండుతారు, మన నెత్తళ్ల లెక్క. అన్నిటికన్నా మజివా మ్గాండో, అంటే పేరుకున్న పాలు, పెరుగే. సంగట్లో పెరుగు పోసుకుని, నా గదిలోంచి అమ్మ పంపిన కారం తెచ్చి కాస్త నంజుకుంటే ఇంక ఏ దేశంలో ఉన్నామో అనవసరం. మా బాబా పరోకో ఒకసారి ఆ కారం వేలితో నాకి, ఒక చెంబు నీళ్లు తాగి, "మీ దేశంలో మిషనరీలు ఎలా బతికారు?" అన్నారు.

నాయనమ్మ మాట నిజమైంది పెళ్లి పేపర్ల దగ్గర. సుకుమా వాళ్లలో మగపిల్లవాడి వాళ్లు అమ్మాయి వాళ్లకి ఆవుల్ని ఇవ్వాలి, ఆవులన్నీ ఇవ్వడం అయ్యేసరికి ఏళ్లు పడుతుంది, ఈలోపు ఇద్దరూ కాపురం పెట్టేస్తారు, ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా పుట్టేస్తారు, కానీ గుళ్లో పెళ్లి కాలేదు కాబట్టి సత్‌ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, తీసుకోవడానికి లేదు. అలాంటి జంటల్ని కూర్చోబెట్టి, పెద్దల్ని ఒప్పించి, గుళ్లో పెళ్లి చేయించడం మా పనిలో పెద్ద భాగం. ఒక రోజు అలా ఒక జంట, చుట్టూ రెండు వైపుల పెద్దలు, నేను ఫారం నింపుతున్నా. అమ్మాయిని అడిగా, "నువ్వు ఇతన్ని ఎప్పుడు పెళ్లి చేసుకున్నావమ్మా?" అని, ఉలిమ్వోవా లిని. ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత పెద్దలందరూ తొడలు చరుచుకుని నవ్వడం. మనకి అబ్బాయైనా అమ్మాయైనా పెళ్లి చేసుకోవడం ఒకటే మాట కదా, స్వాహిలిలో మగాడు చేసుకుంటాడు, ఆడది చేసుకోబడుతుంది, ఒకరికి కువోవా, ఒకరికి కువోలెవా. నేనేమో ఆ అమ్మాయి ఆవుల్ని తోలుకెళ్లి ఇతన్ని కొనుక్కొచ్చుకున్నట్టు అడిగా.

నవ్వు ఆగాక ఒక పెద్దాయన, మరి మీ దేశంలో ఎన్ని ఆవులు ఇస్తారు అని అడిగాడు. కట్నం గురించి చెప్పా, అమ్మాయి వాళ్లే అబ్బాయికి డబ్బు, బంగారం, పొలం ఇస్తారని, చట్టప్రకారం నేరమైనా ఇస్తారని, క్రైస్తవులూ ఇస్తారని. నా స్వాహిలి మళ్లీ తప్పిందనుకున్నారు. కటెకిస్టాతో సుకుమాలో మళ్లీ చెప్పించుకున్నారు. చివరికి అమ్మాయి తండ్రి నన్ను చాలా జాలిగా చూసి, "అమ్మాయినీ ఇచ్చి, ఆవుల్నీ ఇస్తారా? ఆ అమ్మాయిలో ఏం లోపం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా అక్క పెళ్లికి నాన్న అమ్మిన అరెకరం గుర్తొచ్చింది, ఫారం వైపు తల వంచేశా.

మలేరియా రెండో ఏడాది వచ్చింది. వేలు గుచ్చి టెస్టు, తర్వాత మందు, దావా మ్సేటో అంటారు, పూటకి నాలుగు మాత్రలు, రోజుకి రెండు పూటలు, మూడు రోజులు, మొత్తం 24. కాస్త కొవ్వున్న తిండితో వేసుకోవాలి, వాంతి ఆగితే కదా తినేది. రెండో రాత్రి కళ్లు తెరిస్తే గది బయట మాటలు వినిపిస్తున్నాయి, చూస్తే జుముయియ వాళ్లు, పదిహేను మంది దాకా, నేల మీద కూర్చుని ఉన్నారు. జుముయియ అంటే పది పదిహేను ఇళ్లు కలిసి చిన్న సంఘం, వారానికోసారి ఒకరింట్లో కలిసి సువార్త చదువుకుంటారు, 1970ల్లో తూర్పు ఆఫ్రికా బిషప్పులు విచారణకి ఇదే పునాది అని నిర్ణయించారు. జ్ఞానస్నానం కావాలన్నా పెళ్లి కావాలన్నా ముందు ఆ పది ఇళ్లవాళ్లు సరే అనాలి. వాళ్లు నాకోసం మందులేం తేలేదు, ప్రార్థన కూడా పెద్దగా చెయ్యలేదు, ఊరికే కూర్చున్నారు, వాళ్లలో వాళ్లు పత్తి రేటు మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం అది విని నిద్ర పట్టింది.

ఇప్పుడు ఆ ముసలమ్మ సంగతి. ఊరు చెప్పను.

ఒంటరి మనిషి, భర్త పోయాడు, కొడుకులు బంగారు గనుల వైపు పనికి పోయి తిరిగి రాలేదు. కళ్లు ఎర్రగా ఉండేవి, ఎప్పుడూ నీరు కారుతూ. కట్టెలు దొరకని చోటు, పేడ, పత్తికట్టె పెట్టి కిటికీ లేని గుడిసెలో వండితే కళ్లు ఎర్రబడక ఏమవుతాయి, గ్యాస్ రాకముందు మా అమ్మ కళ్లు పత్తికట్టె పొగకి అలాగే ఉండేవి. కానీ సుకుమా పల్లెల్లో ఎర్రకళ్ల ముసలివాళ్లంటే మంత్రగత్తెలన్న అనుమానం ఉంది, దాని పేరు మీద చంపేయడాలు కూడా జరిగాయి, పేపర్లలో వచ్చిన విషయమే. మనం పెద్దగా ఆశ్చర్యపోవాల్సిన పని లేదు, చేతబడి అనీ బాణామతి అనీ మన దగ్గర చెట్టుకి కట్టేసి కొట్టిన వార్తలు మనమూ చదివాం. ఆ వానాకాలం పక్కింటి పిల్లాడు జ్వరంతో పోయాడు, నాలుగేళ్లవాడు. మూడు రోజుల్లో మాట బయల్దేరింది. అందరూ ఆవిడ ఇంటి ముందు నుంచి నడవడం మానేశారు.

నాకు తెలిసి నేను ఉడికిపోయా. ఆదివారం గట్టిగా ప్రసంగం చేస్తా, పోలీసులకి చెప్తా అన్నా. మ్జే అంతా విని, "ప్రసంగం నువ్వు వెళ్లిపోయే దాకా గుర్తుంటుంది పాద్రే" అన్నాడు. పోలీసులకి చెప్పాల్సిన రోజు వస్తే తనే చెప్తానన్నాడు. ఆ వారం నుంచి నాలుగు శనివారాలు వరసగా జుముయియ ఆవిడ ఇంట్లోనే అని ప్రకటించాడు. నన్ను నాలుగింటికీ రమ్మన్నాడు. "నేనేం చెయ్యాలి?" అంటే "తినాలి" అన్నాడు.

మొదటి శనివారం ఐదుగురు వచ్చారు, నాతో కలిపి. సువార్త చదివారు, ఏం చదివారో కూడా నాకు గుర్తులేదు. ఆవిడ ఉగాలి వండింది, ఒకటే పెద్ద పళ్లెం, పక్కన గిన్నెలో మ్లెండా, బెండకాయలా జిగురుగా ఉండే ఆకుకూర. చెంబు తెచ్చి అందరి చేతుల మీదా నీళ్లు పోసింది, ఆవిడ చెయ్యి వణుకుతోంది, నీళ్లు సగం నేల మీదే. పళ్లెం మధ్యలో ఆవిరి వస్తోంది. ఎవరి చెయ్యీ కదల్లేదు. నా చెయ్యి కూడా కదల్లేదు, అబద్ధం చెప్పను, మంత్రాలంటే భయపడి కాదు అని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటా. అప్పుడు మ్జే భార్య, ఆ పోయిన పిల్లాడికి మేనత్త అవుతుంది ఆవిడ, చెయ్యి చాపి ఉగాలి ముద్ద తీసి, వేలితో గుంట చేసి, మ్లెండాలో ముంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. "ఉప్పు తక్కువైంది" అంది. ముసలమ్మ గబగబా లేచి ఉప్పు తేవడానికి లోపలికెళ్లింది. ఆవిడ వచ్చేసరికి అందరం తింటున్నాం.

నాలుగో శనివారానికి పదకొండు మంది అయ్యారు. పిల్లాడి తండ్రి ఎప్పటికో వచ్చాడు, రెండు నెలలు దాటాక, లోపలికి రాలేదు, తినలేదు, గుమ్మం బయట సైకిల్ పట్టుకుని ప్రార్థన అయ్యే దాకా నిలబడి వెళ్లిపోయాడు. ఆవిడ మీద ఆ మాట పూర్తిగా పోయిందని నేను చెప్పలేను. తర్వాత నేను ఉత్సాహపడి పొగ తక్కువ వచ్చే మట్టి పొయ్యి ఒకటి కట్టించా ఆవిడకి, పొగ గొట్టంతో సహా. మళ్లీ నెల వెళ్లి చూస్తే అందులో కోడి పొదుగుతోంది. వంట మామూలుగా మూడు రాళ్ల మీదే. "మంచి ఇల్లు కట్టించావు, కోడికి నచ్చింది" అంది.

ఆరేళ్లయ్యాక నన్ను వెనక్కి పిలిచారు, ఇక్కడ సెమినరీలో పని ఉందని. వీడ్కోలు పూజకి ఆవిడ రాలేదు, నడవలేదు పాపం. మ్జే ఒక న్యూస్‌పేపర్ పొట్లం తెచ్చి ఇచ్చాడు, లోపల మిచెంబె, చిలగడదుంపని చెక్కలుగా కోసి ఎండబెట్టింది, కరువు రోజులకి దాచుకుంటారు అక్కడ. ముంబైలో కస్టమ్స్ అబ్బాయి పొట్లం విప్పించి, వాసన చూసి, ఇదేంటన్నాడు. చెప్పా. ఇంకేం అడగకుండా మూట కట్టి ఇచ్చేశాడు.

ఇంట్లో అమ్మ వాటిని నానబెట్టి ఉడికించింది, కాస్త ఉప్పూ కారం చల్లింది. గ్యాస్ పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని ఒక ముక్క నోట్లో వేసుకుంది. నేను ఆ ముసలమ్మ సంగతి మొత్తం చెప్పా, కళ్లు, పిల్లాడు, పళ్లెం, కోడి, అన్నీ.

"ఇవి ఆవిడే ఎండబెట్టిందా?" అంది.

"ఆవిడే."

ఇంకో ముక్క తీసుకుంది.